జాబ్ పక్కన ఒక ఏడాది

మిషన్ షాపులో జాబ్ అంటే ఉద్యోగం కాదు. మిషన్ మీద బిగించిన ఇనుప ముక్క. "జాబ్ ఎక్కించారా?", "జాబ్ దించండి", "జాబ్ చల్లారనీ" అంటుంటారు. రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌గా చేరిన కొత్తలో ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఉలిక్కిపడేవాణ్ణి. ఎందుకంటే మా జోగిపేటలో బస్టాండు నుంచి ఇంటికి నడిచే పది నిమిషాల్లో కనీసం ముగ్గురు అడిగేవాళ్లు, "జాబ్ అయిందా?" అని. ఒకరోజు విసుగొచ్చి మా నాయినతో ఫోన్‌లో అన్నాను: "రోజూ జాబ్ పక్కనే నిలబడుతున్న నాయినా, అదే నా దిక్కు చూస్తలేదు."

ఆయన నవ్వలేదు. "ఏం జాబ్ అది? పోత ఇనుముదా, ఉక్కుదా?" అని అడిగాడు.

మా నాయినది మోటార్ వైండింగ్ షాపు. ఒక షట్టరు, ఒక బల్ల, గోడకు వేలాడే రాగి తీగ చుట్టలు, మూలన వార్నిష్ డబ్బా. చుట్టుపక్కల ఊళ్లలో బావుల మీద కాలిపోయిన మోనోబ్లాక్ మోటార్లన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. పదో తరగతి దాటలేదాయన. కానీ కాలిన కాయిల్ వాసన చూసి, లోడ్ ఎక్కువై కాలిందా, ఒక ఫేజు పోయి కాలిందా చెప్పేవాడు. నేను నాలుగేళ్లు మెకానికల్ ఇంజినీరింగ్ చదివినా నాకు ఆ వాసనల మధ్య తేడా తెలిసేది కాదు. ఇప్పటికీ తెలీదు, నిజం చెప్పాలంటే.

రోజూ రాత్రి ఎనిమిదింటికి షట్టరు దించాక ఫోన్ చేసేవాడు. తిన్నావా అని ఒక్క ముక్క, ఆ తర్వాత అన్నీ ఫ్యాక్టరీ ప్రశ్నలే. సగం వాటికి నా దగ్గర జవాబుండేది కాదు. మర్నాడు పొద్దున అవే ప్రశ్నలు పట్టుకెళ్లి షాపులో అడిగేవాణ్ణి. "కుర్రాడికి ఆసక్తి ఎక్కువ" అనుకున్నారు అక్కడివాళ్లు. ఆ ఏడాది అప్రెంటిస్‌షిప్ ఇద్దరం చేశాం. నేను లోపల, ఆయన ఫోన్‌లో. స్టైపెండ్ మాత్రం ఒక్కటే.

ఆ స్టైపెండ్ నెలకు 4,984 రూపాయలు. పాతిక రూపాయలు తక్కువ అయిదువేలన్నా చెప్పుకోవడానికి బాగుండేది, ఈ 4,984 ఏమిటో అర్థమయ్యేది కాదు. తర్వాత ఎవరో చెప్పారు. అంతకుముందు 3,560 ఉండేదట, 2014 డిసెంబరులో 40 శాతం పెంచారు. లెక్కేసి చూస్తే పైసాతో సహా సరిపోయింది. డిప్లొమా వాళ్లకు 3,542. డిగ్రీ వాళ్ల డబ్బులో సగం ఫ్యాక్టరీది, సగం కేంద్ర ప్రభుత్వానిది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉందే, దాన్ని 1973లో సవరించి ఇంజినీరింగ్ డిగ్రీ, డిప్లొమా చదివినవాళ్లను కూడా అందులోకి తెచ్చారు. దక్షిణాది రాష్ట్రాల్లో ఈ వ్యవహారం చూసే బోర్డు చెన్నైలో ఉంటుంది. మా ఒప్పంద పత్రాలు అక్కడ రిజిస్టరయ్యాయి, చివర్లో సర్టిఫికెట్టూ అక్కడి నుంచే. ఆ చట్టం పాత ప్రతిలో, అంటే 2014 సవరణకు ముందుదానిలో, రెండు మాటలు నేను చాలా ఆలస్యంగా చదివాను. అప్రెంటిస్ అంటే శిక్షణ పొందేవాడే తప్ప వర్కర్ కాదు. ఏడాది అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిబంధన యజమానికి లేదు, ఇస్తే చేరి తీరాలన్న నిబంధన మనకూ లేదు. రెండో సగం చదివినప్పుడు కాసేపు నవ్వుకున్నాను. ఇస్తే చేరనివాడు ఎవడుంటాడు?

2015 అక్టోబరు 15, గురువారం చేరాను. అశోక్‌నగర్‌లో ముగ్గురం కలిసి ఒక గది. ఒకడు గచ్చిబౌలిలో కాల్ సెంటర్లో రాత్రి డ్యూటీ, ఇంకొకడు అమీర్‌పేటలో జావా కోచింగ్. అంటే పడుకునే చాప ఎప్పుడూ చల్లారేది కాదు, ఒకడు లేస్తే ఇంకొకడు వాలేవాడు. కోచింగ్ వాడు 218 బస్సెక్కి పొద్దున్నే పోయేవాడు. అప్పటికి మియాపూర్ నుంచి మెట్రో స్తంభాలు లేచి ఉన్నాయి, రైలు మాత్రం ఇంకా రెండేళ్ల దూరంలో ఉంది. వాడు రాత్రి వచ్చి ట్రాఫిక్‌ని తిడుతూ షర్టు విప్పేవాడు, ఆ షర్టు నా యూనిఫాం కంటే నల్లగా ఉండేది.

లోపలికి మొదటిసారి వెళ్లినప్పుడు నాకు పట్టింది భయం కాదు, గందరగోళం. షెడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు చూపు ఆనదు. నెత్తి మీద క్రేన్ వస్తుంటే గంట మోగుతుంది, దాని కింద టర్బైన్‌లో తిరిగే ఇరుసు, రోటరు అంటారు, మా ఇంటి అంత పొడవు, గాల్లో తేలుతూ వెళ్తుంటుంది. కింద ఒకాయన చెయ్యెత్తి రెండు వేళ్లు కదిపితే పైన క్రేన్ ఆగుతుంది. 1960లలో చెకోస్లొవేకియా సాయంతో మొదలైన ప్లాంటు అది. కరెంటు కేంద్రాలకు ఆవిరి టర్బైన్లు, జనరేటర్లు, కంప్రెసర్లు, పంపులు, బొగ్గును పొడి చేసే బౌల్ మిల్లులు అన్నీ అక్కడ తయారవుతాయి. బౌల్ మిల్లు గురించి నాయినకు చెబితే "పిండి గిర్నీ అన్నట్టు" అన్నాడు. అవునన్నాను. "ఎంత మెత్తగ పడతది?" అన్నాడు. తెలీదన్నాను. మర్నాడు కనుక్కున్నాను: మొహానికి రాసుకునే పౌడరంత. 200 మెష్ జల్లెడలో మూడొంతుల దగ్గర దగ్గర దిగిపోవాలి.

చేరిన వారానికే దసరా. సెలవుకు ముందు రోజు షాపంతా ఆయుధపూజ. చేసేది ఆవిరి టర్బైన్ అయినా, లేత్‌కి కుంకుమబొట్టు పెట్టాల్సిందే, చక్ ముందు నిమ్మకాయ ఉండాల్సిందే. ఆ రోజు నన్ను ఒక పెద్దాయనకు అప్పగించారు. గోదావరి జిల్లా మనిషి. ఐటీఐ చేసి 1978లో అదే ఫ్యాక్టరీలో చేరాడు. సన్నగా, తెల్లమీసాలతో, చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్సిలు, సన్నటి సందులు కొలిచే ఒక చిన్న ఫీలర్ గేజ్. అందరూ గురువుగారూ అనేవాళ్లు, నేనూ అదే మొదలుపెట్టాను. వర్టికల్ లేత్‌కి బంతిపూల దండ కడుతూ నా వైపు చూసి, "ఇంజినీరింగా? మంచిది. చెయ్యి చూపించు" అన్నాడు. చూపించాను. "దీనికి ఇంకా పని తగల్లేదు" అని దండ రెండో కొస నా చేతికిచ్చాడు.

ఇప్పుడు నా ఘనకార్యం చెప్పాలి.

జనవరి. ఆ పొద్దున బాగా చలి. షాపు తలుపులు ఎంత పెద్దవంటే చలి కూడా లారీ ఎక్కి లోపలికొచ్చినట్టు ఉంటుంది. వర్టికల్ లేత్ మీద ఒక రింగు. లోపలి వ్యాసం 600 మిల్లీమీటర్లు, దాని మీద 0.07 వరకు ఎక్కువ ఉండొచ్చు, 600 కంటే ఒక్క పిసరు కూడా తగ్గకూడదు. 0.07 అంటే మనిషి వెంట్రుక మందం, అంతే. ముందురోజు మధ్యాహ్నమే ఆఖరి కట్ అయిపోయింది, రాత్రంతా చల్లారింది. పొద్దున కొలత తీసి రాయడం నా పని. ఇన్‌సైడ్ మైక్రోమీటర్ అంటే ఒక పొడుగాటి కడ్డీ, దానికి కొసన తిప్పే గుండీ. దాన్ని రింగులో అడ్డంగా పెట్టి, అటూ ఇటూ ఊపి, సరిగ్గా వ్యాసం మీద ఆనేదాకా తిప్పి చదవాలి. గురువుగారు టీకి వెళ్లాడు. నాకు చలి. కడ్డీని టూల్ రూమ్ నుంచి తీసుకొచ్చి, చేతులు రెండూ ప్యాంటు జేబుల్లో పెట్టుకుని, దాన్ని స్వెటర్ కింద చంకలో ఇరికించుకుని, పక్క మిషన్ ఆయనతో పావుగంట ముచ్చట పెట్టాను. తర్వాత తీరిగ్గా రింగు దగ్గరికెళ్లి కొలిచాను.

599.97.

మళ్లీ కొలిచాను. 599.97. ఇంకో దిక్కున పెట్టి చూశాను. అదే. రింగు చిన్నదైపోయింది, ఇంకా కోయాలి! నాకు లోపల ఒక సంతోషం కూడా కలిగిందని ఒప్పుకుంటాను. 37 ఏళ్ల అనుభవం ఉన్నాయన తప్పు మూడు నెలల కుర్రాడు పట్టుకున్నాడు. రిజిస్టర్లో రాసేసి, ఆయన టీ తాగి రాగానే, "గురువుగారూ, ఇంకో చిన్న కట్ వెయ్యాలండీ, మూడు పాయింట్లు తక్కువుంది" అన్నాను.

ఆయన రింగు వైపు చూడలేదు. నా చంక వైపు చూశాడు. మైక్రోమీటర్ మళ్లీ అక్కడికే చేరి ఉంది.

"అబ్బాయ్, జ్వరం రింగుకి కాదయ్యా, దానికి" అన్నాడు. "చంకలో పెట్టుకుంటే థర్మామీటర్ అవుద్ది, మైక్రోమీటర్ ఎలా అవుద్ది?"

కడ్డీ తీసుకెళ్లి రింగు మీదే పడుకోబెట్టాడు. గంటసేపు ముట్టుకోనివ్వలేదు. తర్వాత గ్లవుజు వేసుకుని రెండు వేళ్లతో పట్టుకుని కొలవమన్నాడు. 600.03. మధ్యలో ఉంది, నిక్షేపంగా. అప్పుడు కాగితం మీద లెక్క వేయించాడు. ఉక్కు మీటరుకు, ఒక్కో డిగ్రీకి 11 నుంచి 12 మైక్రాన్లు పెరుగుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 600 మిల్లీమీటర్ల కడ్డీ నా ఒంటి వేడికి తొమ్మిది డిగ్రీలు ఎక్కిందనుకుంటే 0.06. కడ్డీ సాగింది కాబట్టి రింగు చిన్నదిగా కనబడింది. ఇంకో కట్ వేసి ఉంటే ఆ రింగు తుక్కు కిందికి పోయేది. ఈ సూత్రం నేను ఇంటర్ ఫిజిక్స్‌లో చదివాను, బీటెక్‌లో రెండుసార్లు చదివాను, పరీక్షలో పది మార్కులు తెచ్చుకున్నాను. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడం అనే సామెత నా కోసమే పుట్టిందనిపించింది. ఆ రిజిస్టర్లో నేను రాసిన 599.97 మీద ఆయన ఒక గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, నాచేత సంతకం పెట్టించాడు. "కొట్టేసింది కనబడాలి. చెరిపితే మళ్లీ చేస్తావు" అన్నాడు.

రాత్రి నాయినకు చెప్పాను, చంక సంగతి మాత్రం దాచి. వేడికి ఉక్కు సాగుతుంది, అందుకే ఇలా అయింది అంటూ పెద్ద లెక్చర్ ఇచ్చాను. అంతా విని, "గంతే గద బిడ్డా. బేరింగ్ షాఫ్టుకు ఎక్కకుంటే నూనెల కాగబెట్టి ఎక్కిస్తం. సల్లారితే పట్టుకుంటది" అన్నాడు. ఆయన దాన్ని చిన్నప్పటి నుంచీ నా కళ్ల ముందే చేస్తున్నాడు. బేరింగ్ వేగే ఆ నూనె గిన్నెలో బజ్జీలు వేసుకుందామని నేను ఏడ్చిన సంగతి కూడా మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఫిబ్రవరిలో నన్ను అసెంబ్లీ వైపు, అంటే భాగాలన్నీ కూర్చి బిగించే చోటికి పంపారు. అక్కడ నీలి రంగు పని. బేరింగ్ లోపలి వైపు మెత్తటి తెల్ల లోహం పోసి ఉంటుంది. షాఫ్టు దాని మీద సమంగా కూర్చుంటుందో లేదో చూడటానికి షాఫ్టుకి పల్చగా బ్లూ పూస్తారు, పచ్చడి మీద నూనె తేలినంత పల్చగా. దాన్ని బేరింగులో ఆనించి, కొంచెం తిప్పి తీస్తే, ఎత్తుగా ఉన్న చోట్ల నీలం అంటుకుంటుంది. ఆ చుక్కల్ని స్క్రేపర్‌తో గోకాలి. మళ్లీ బ్లూ, మళ్లీ ఆనించడం, మళ్లీ గోకడం. మొదట నాలుగు చుక్కలు కనబడతాయి, పని చేస్తున్న కొద్దీ చుక్కలు పెరగాలి. తప్పులు తగ్గితే మచ్చలు తగ్గాలి కదా అని నేను అనుకునేవాణ్ణి. అక్కడ తిరగేసి ఉంటుంది. ఎన్ని మచ్చలు పడితే అన్ని చోట్ల ఆనుతోందని అర్థం. గురువుగారు గోకుతుంటే పిల్లి పాలు నాకినట్టు చప్పుడు. నేను గోకితే గచ్చు మీద పార లాగినట్టు. మూడో రోజుకి చప్పుడు కాస్త మారింది, నాలుగో రోజు మణికట్టు లేవలేదు.

ఆ నీలం సబ్బుకు పోదు. కిరసనాయిలుకి సగం పోతుంది, మిగతాది గోళ్ల సందుల్లో ఉండిపోతుంది. సరిగ్గా అప్పుడే, 2016 ఫిబ్రవరి 2న, జీహెచ్ఎంసీ ఎన్నికలు వచ్చాయి. మెస్సులో అన్నం పెట్టే అక్క నా చేతులు చూసి, "ఏంది తమ్మీ, పది వేళ్లతోటి ఓటేసినవా?" అంది. నా ఓటు అసలు ఆ ఊళ్లోనే లేదు.

మధ్యలో రెండు నెలలు ఆఫీసు వైపు వేశారు. డ్రాయింగులు, ఫైళ్లు, ఏసీ. ఏం నేర్చుకున్నానో గుర్తులేదు, పగటిపూట నిద్ర ఆపుకోవడం తప్ప.

ఎండాకాలానికి బ్లేడ్ల దగ్గరికి వచ్చాను. రోటరు ఒంటి మీద వరసలు వరసలుగా బ్లేడ్లు ఎక్కిస్తారు. మొదటి వరసవి వేలంత, చివరి వరసవి చేటంత. వాటి వంపు చూస్తే అది ఇనుమని అనిపించదు, గాలికి అరిటాకు మెలిక తిరిగినట్టు ఉంటుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని లెక్క వేశాను. నిమిషానికి 3,000 చుట్లు, ఇరుసు నుంచి మీటరు దూరంలో ఒక కిలో బరువు ఉందనుకుంటే, అది బయటికి ఎంత బలంతో లాగుతుంది? దాదాపు పది టన్నులు. తప్పు చేశాననుకుని మళ్లీ వేశాను. పది టన్నులే. కిలో ముక్క, పది టన్నుల లాగుడు. దాన్ని పట్టి ఉంచేది వేళ్లలో వేళ్లు ఇరికించినట్టు కోసిన ఒక గాడి.

నాయినకు ఇది చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత "వడిసెల లెక్క" అన్నాడు. జొన్న చేలో పిట్టల్ని కొట్టడానికి తాడు మధ్యలో రాయి పెట్టి తిప్పుతారే, అది. చిన్నప్పుడు వాళ్ల తమ్ముడి వడిసెల తెగి, రాయి పక్క చేలోని ఎడ్ల బండి చక్రం ఆకు విరగ్గొట్టిందట. "తెగితే గట్లుంటది. మరి తెగదని ఎట్ల తెలుసు మీకు?" అన్నాడు.

దానికి జవాబు చూడటానికి ఇంకో మూడు వారాలు పట్టింది. బ్లేడ్లన్నీ ఎక్కించిన రోటర్ని ఒక సొరంగంలోకి తోసి తలుపు మూస్తారు. మందపాటి గోడల గది. లోపలి గాలి తోడేస్తారు, లేకపోతే ఆ వేగానికి బ్లేడ్లు గాలిని చిలికి చిలికి వేడెక్కిపోతాయి, తిప్పడానికి కరెంటూ చాలా అవుతుంది. తర్వాత తిప్పుతారు. ఎక్కడ బరువు ఒక వైపు మొగ్గుతోందో చూసి, ఆపి, చిన్న చిన్న తూకపు ముక్కలు గాడిలో పెట్టి, మళ్లీ తిప్పుతారు. కారు చక్రానికి బ్యాలెన్సింగ్ చేసే పద్ధతే, చక్రం మాత్రం కొన్ని టన్నులు. అంతా కుదిరాక మామూలు వేగం కంటే 20 శాతం ఎక్కువకు తీసుకెళ్లి ఒకటి రెండు నిమిషాలు ఉంచుతారు. వేగం 20 శాతం పెరిగితే లాగుడు 44 శాతం పెరుగుతుంది. మేం అప్రెంటిస్‌లం కంట్రోల్ రూమ్‌లో వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాం. కనిపించేది ఏమీ లేదు, అంకెలు తప్ప. 3,000. 3,200. 3,400. ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. 3,600 దగ్గర అంకె నిలబడింది. మా నాయిన చెప్పిన తమ్ముడు, ఎడ్లబండి, చక్రం ఆకు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. అంకె దిగడం మొదలయ్యాక ఒక పెద్ద ఇంజినీరు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, క్యాంటీన్‌లో ఈ రోజు ఏం టిఫిన్ అని అడిగారు.

రాత్రి ఎనిమిదింటి దాకా ఆగలేక నేనే ఫోన్ చేశాను. "తెగలే నాయినా." "ఏంది తెగలే?" అన్నాడు. మర్చిపోయాడు. ఆయన బాధలు ఆయనవి.

ఆ ఏడు సింగూరు ఎండింది. వానల్లేక డ్యామ్ అడుగున పగుళ్లిచ్చిన ఒండ్రు కనబడింది, మంజీర నీళ్లు హైదరాబాద్‌కే రావడం ఆగిపోయింది. మోటార్ వైండింగ్ వాడికి కరువు రెండు దశల్లో వస్తుంది. బావులు అడుగంటుతున్నప్పుడు మోటార్లు నీళ్లందక, లోడ్ మారి, టపటపా కాలతాయి. షాపులో చోటు చాలదు. ఆ తర్వాత బావి పూర్తిగా ఎండుతుంది. ఇక తిప్పేదేముంది, కాలేదేముంది. ఏప్రిల్ నాటికి బల్ల ఖాళీ అయింది. ఆయన ఫోన్‌లో ఎక్కువసేపు మాట్లాడేది అందుకేనని నాకు తర్వాత తట్టింది.

జూన్‌లో జనరేటర్ల వైపు వెళ్లాను. నిజానికి ఫ్యాక్టరీ అంతట్లో ఆయనకు కావలసింది ఇదే. వైండింగ్. మొదటి రోజు రాత్రి నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం, బ్యాలెన్స్ అయిపోయేదాకా.

"తీగ ఏ గేజీది?"

"తీగ కాదు నాయినా. కడ్డీలు. రాగి పట్టీలు చాలా కలిపి, జడ అల్లినట్టు చోట్లు మార్చుకుంటూ అల్లి, ఒక కడ్డీ చేస్తారు. దాని మీద అభ్రకం టేపు చుడతారు."

"అభ్రకమా! మనం కాయితం పెడతం. మరి స్లాట్ల పైన వెదురు పుల్లలే కొడతరా?"

నవ్వాను. మా షాపులో స్లాటులో తీగ పైకి లేవకుండా వెదురు చీల్చి పుల్లలు దూర్చేవాడు, సెలవుల్లో ఆ పుల్లలు చెక్కే పని నాదే. ఇక్కడ గాజు పీచుతో, రెజిన్‌తో చేసిన పలకలు కొడతారు. పదార్థం వేరు, ఆకారం అచ్చం మన వెదురు పుల్లే. రెండు అంచులూ వాలుగా, స్లాటు గాడిలో జారేట్టు.

"వార్నిష్ ఎట్ల పోస్తరు అంత పెద్దదానికి?"

పొయ్యరు. స్టేటర్‌ని, అంటే తిరగకుండా ఉండే బయటి భాగాన్ని, మొత్తంగా ఒక పెద్ద ట్యాంకులో దింపి, గాలి లాగేసి, రెజిన్ లోపలికి వదిలి, ఒత్తిడి పెడతారు. చుట్టిన టేపులో సందు సందుకీ రెజిన్ వెళ్తుంది. తర్వాత ఓవెన్‌లో కాల్చి గట్టిపరుస్తారు. మా షాపులో వార్నిష్ ముంచిన స్టేటర్‌ని ఎండలో ఆరబెట్టి, వానాకాలంలో అయితే డబ్బాలో 200 వాట్ల బల్బు పెట్టి ఆరబెట్టేవాళ్లం. అదీ ఓవెనే అని ఆ రాత్రి ఆయన్ని ఒప్పించాను. సంతోషించాడు.

లోపల ఫొటోలు తీయకూడదు. కాబట్టి గదికొచ్చి చార్టు కాగితం మీద బొమ్మ గీశాను. స్టేటరు కోత, స్లాటు, స్లాటులో ఒకదానిమీద ఒకటి రెండు కడ్డీలు, పైన పలక. కొలతలేవీ వెయ్యకుండా, ఉత్త ఆకారమే. పక్కన అదే సైజులో మా అయిదు హెచ్‌పీ మోటారు స్లాటు. ఆదివారం తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన దాన్ని షాపులో దేవుడి పటం కింద అంటించాడు. వచ్చిన ప్రతి రైతుకీ వివరించేవాడట. మా అమ్మ మాటల్లో చెప్పాలంటే, "మోటారు కాలి ఏడ్చుకుంట వచ్చినోనికి గుడ జనరేటర్ పాఠం."

జూన్ 30న గురువుగారు రిటైరయ్యాడు. దండలు, శాలువా, ఒక గోడ గడియారం. నన్ను చూసి, "చలికాలం జాగ్రత్త" అని చంక చూపించి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. క్యారియర్ డబ్బా ఊపుకుంటూ గేటు వైపు వెళ్లిపోయాడు. మర్నాడు వర్టికల్ లేత్ దగ్గర వేరే ఆయన ఉన్నాడు, మంచివాడే.

సెప్టెంబరులో వానలు దంచికొట్టాయి. అశోక్‌నగర్ గదిలోకి నీళ్లొచ్చి చాప తడిసింది. అటు సింగూరు నిండి గేట్లెత్తారు. అక్టోబరు 11 దసరా రోజున కొత్త జిల్లాలు వచ్చాయి. నేను చేరినప్పుడు మా ఊరూ, ఫ్యాక్టరీ ఉన్న ఊరూ రెండూ మెదక్ జిల్లా. బయటికొచ్చేటప్పటికి రెండూ సంగారెడ్డి జిల్లా. ఉన్నచోటే ఉండి జిల్లా మారాను. నాది మాత్రం ఇంకా ఏమీ మారలేదు. కోచింగ్ వాడికి మాదాపూర్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు ఉద్యోగం రావడానికి ఇంకో అయిదు నెలలు పట్టింది, పాశమైలారంలో, చిన్న కంపెనీ, కొలతలు తీసే పని. ఇప్పుడు డిగ్రీలోనే అప్రెంటిస్‌షిప్ కలిపేసిన కోర్సులు వస్తున్నాయి. అప్పట్లో చదువు అయ్యాకే ఇది, ఇది అయ్యాక మళ్లీ వెతుకులాట.

అక్టోబరు 14వ తేదీ, శుక్రవారం, ఫ్యాక్టరీలో ఆఖరి రోజు. సామాను మోయడానికి నాయిన వచ్చాడు. సామానంటే ఒక బకెట్టు, ఒక దుప్పటి మూట, పుస్తకాల సంచి. మధ్యాహ్నమే వచ్చి గేటుకి ఎదురుగా రోడ్డు అవతల టీ కొట్టు దగ్గర కూర్చున్నాడట, మూడు టీలు తాగి. నేను బయటికి వచ్చేసరికి గోడ మీదుగా షెడ్ల కప్పుల వైపే చూస్తున్నాడు.

"ఏదది? వైండింగ్ ఏ షెడ్డుల?"

చూపించాను. బయటి నుంచి అన్నీ ఒకేలా ఉంటాయి. అయినా కాసేపు దాన్నే చూశాడు. తర్వాత పటాన్‌చెరు దాకా ఆటో, అక్కడి నుంచి జోగిపేట బస్సు. కిటికీ పక్క సీటు నాకిచ్చి, బకెట్టు కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. సంగారెడ్డి దాటాక రోడ్డు పక్క చెరువులన్నీ నిండి ఉన్నాయి, చాలా రోజుల తర్వాత. మోటార్లు మళ్లీ తిరుగుతాయి, మళ్లీ కాలతాయి. ఆయన అదే లెక్కలో ఉన్నాడనుకున్నాను. కండక్టర్ టికెట్టు చించి ఇచ్చి వెళ్లాక నా వైపు తిరిగాడు.

"ఇంతకీ ఆ రెజిన్ కిలో ఎంతుంటది?"

"తెల్వదు నాయినా."

"ఏడాది ఉండి అదే అడగలేదా?" అన్నాడు.